పై ముక్క ఎవరిది?

కొలబద్ద ఆ రోజు నవ్వింది. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు మా డిపార్ట్‌మెంట్‌లో తక్కువ. అందుకే ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితంతో కుస్తీ పడుతున్న నేను కూడా పని ఆపి అటు చూశాను.

కొలబద్ద అంటే పగటి సెక్షన్‌కు పాఠం చెప్పే ట్యూటర్. బొమ్మలో గీత కాస్త వంకరపోతే అర మార్కు కోస్తుందని విద్యార్థులు పెట్టిన పేరు అది. నేను సాయంత్రం సెక్షన్ ట్యూటర్ని. ఇద్దరం చెప్పేది ఒకటే సబ్జెక్టు: మొదటి సంవత్సరంవాళ్ళకు మైక్రో ఎకనామిక్స్. ధరలూ, కొనేవాళ్ళూ, అమ్మేవాళ్ళూ, వాళ్ళ మధ్య గీతలూ. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరి సెక్షన్ పేపర్లు వాళ్ళు దిద్దకూడదు. నావి ఆవిడ దిద్దుతుంది, ఆవిడవి నేను దిద్దుతాను. మొహం చూసి బొట్టు పెట్టినట్టు మార్కులు వేస్తామని పైవాళ్ళ అనుమానం. ఆ అనుమానం సబబే.

"ఇది వినండి," అని ఆవిడ ఒక పేపరు ఎత్తి పట్టుకుని చదివింది. "'అంగడివాడు ఎత్తు మీద కూర్చుంటాడు, కొనేవాడు కింద నిలబడతాడు. కాబట్టి పై ముక్క అమ్మేవాడిది, కింది ముక్క కొనేవాడిది.'"

ప్రొఫెసర్ గారు కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని, "సామెతలా ఉందే. ఏ పుస్తకంలోది?" అన్నారు.

"ఏ పుస్తకంలోనూ లేదండీ. పైగా తప్పు. ఆ తప్పేదో ఒకరు చేస్తే సరే అనుకుందును. ఐదు పేపర్లలో అక్షరం పొల్లుపోకుండా ఇదే ముక్క. ఐదుగురూ పరీక్ష హాల్లో ఒకే వరుసలో కూర్చున్నవాళ్ళు. ఒకరు రాశారు, నలుగురు ఎక్కించుకున్నారు."

"కాపీ అన్నమాట," అన్నారు ప్రొఫెసర్ గారు, చల్లారిన టీ వైపు విసుగ్గా చూస్తూ. "గురువారం విచారణ పెట్టండి. నోటీసులు పంపండి."

నేను మళ్ళీ ప్రింటర్ వైపు తిరిగాను. కాగితం ఊడి వచ్చినా ఇంకా అందులో ఏదో వెతుకుతున్నట్టు నటించాను. తేలు కుట్టిన దొంగ అరవలేడంటారు. ఆ మాట మొదట అన్నవాడెవడో గాని నా అవస్థ వాడికి బాగా తెలుసు. ఆ అంగడివాడు నావాడు, ఆ ఎత్తు నాది. ఏ పుస్తకంలోనూ లేని ఆ ముక్క నా నోట్లోంచి ఊడిపడింది.

తప్పేమిటో చెప్తాను. ఎకనామిక్స్ రానివాళ్ళకు కూడా అర్థమవుతుంది. ఉప్పు మీద సర్కారు పన్ను వేసిందనుకోండి. అంగడివాడు ఆ పన్నంతా ధరలో కలిపేద్దామని చూస్తాడు. కొనేవాడు అంత ఇవ్వనని బేరానికి దిగుతాడు. చివరికి ఇద్దరూ తలా కొంత మోస్తారు. బొమ్మలో పాత ధర దగ్గర అడ్డంగా ఒక గీత ఉంటుంది. పన్నులో ఒక ముక్క ఆ గీతకు పైన, ఒక ముక్క కింద పడుతుంది. పైది కొనేవాడు పాత ధర మీద అదనంగా ఇచ్చుకునేది. కిందిది అమ్మేవాడికి పాత ధరలోంచి తగ్గేది. ఇద్దరిలో ఎవరు తప్పించుకోలేరో వాళ్ళ ముక్క పెద్దది. ఉప్పు మానేసి ఎవరూ బతకరు కాబట్టి ఉప్పు పన్నులో పై ముక్క, అంటే కొనేవాడి ముక్క, పెద్దది. పాఠమంతా ఇంతే. నేను ఆ రెండు ముక్కల పేర్లూ తారుమారు చేశాను. ఎనిమిదేళ్ళుగా ఇదే చదువుతున్నవాణ్ణి, తిన్నగా బోర్డు మీద, సుద్దముక్కతో.

నేను ఆ పాఠం చెప్పిన సాయంత్రం కుండపోతగా వాన. బస్సులు సగం ఆగిపోయాయి. ముప్పై మంది కూర్చోవలసిన గదిలో ఒక్క మనిషే ఉంది, లాండ్రీ అక్క. క్లాసులో అందరూ ఆవిడను అలాగే పిలుస్తారు, నేను కూడా. పెద్దాసుపత్రి లాండ్రీలో పద్దెనిమిదేళ్ళుగా రోగుల దుప్పట్లు ఉతుకుతోంది. నలభై దాటాక డిగ్రీలో చేరి, తానొక్కతే చేరి ఊరుకోకుండా, తర్వాతి ఏడు తనతో పనిచేసే నలుగురు ఆడపిల్లల్ని కూడా రెక్క పట్టుకుని లాక్కొచ్చి చేర్చింది. ఐదుగురికీ ఒకేసారి డ్యూటీ దిగడం కుదరదు. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఎవరికి వీలైతే వాళ్ళు క్లాసుకు వస్తారు, మర్నాడు మడత బల్ల దగ్గర మిగతావాళ్ళకు అప్పజెప్తారు. ఉతికిన బట్టల దగ్గరకు పెన్నూ కాగితం రానివ్వరు, ఫోన్లు లాకర్లో పెట్టాలి. కాబట్టి చేతులు దుప్పట్లు మడుస్తుంటే నోళ్ళు పాఠం వల్లిస్తుంటాయి. ఒకరు చెప్తారు, నలుగురు అంటారు, మడత తప్పినా మాట తప్పకూడదు. ఐదుగురికీ కలిపి నోట్సు పుస్తకం ఒకటే, అది అక్క దగ్గర ఉంటుంది.

వాన కదా అని ఆవిడను ఇంటికి పంపేస్తే పోయేది. కానీ నాకు క్లాసు చెప్తేనే క్లాసు కూలి. ఆవిడా తడిసి ముద్దయి వచ్చింది, వట్టి చేతులతో పోవడానికి కాదు. అప్పటికి నేను పొద్దున్నుంచి మూడు చోట్ల పాఠాలు చెప్పి ఉన్నాను. బొమ్మ గీశాను, ముక్కలకు పేర్లు రాశాను.

"పైది అమ్మేవాడిదా సార్?" అంది అక్క, పెన్సిలు ఆపి.

ఒక్కసారి వెనక్కి తిరిగి బొమ్మ వైపు చూసి ఉంటే సరిపోయేది. చూడలేదు. ప్రశ్న అడిగినవాళ్ళ నోరు మూయించేలా ఏదో ఒక జవాబు పారెయ్యడం పాఠాలు చెప్పేవాళ్ళకు పట్టే జబ్బు.

"అంగడివాడు ఎత్తు మీద కూర్చుంటాడు కదక్కా. కొనేవాడు కింద నిలబడతాడు. పైది పైవాడిది, కిందిది కిందవాడిది. ఇలా గుర్తుపెట్టుకోండి," అన్నాను.

ఆవిడ కనుబొమ్మలు ముడిపడ్డాయి. తర్వాత నవ్వి, "ఇదైతే మా పిల్లలు చచ్చినా మర్చిపోరు," అని రాసుకుంది. అన్నట్టే ఎవరూ మర్చిపోలేదు.

తప్పు నాదని అప్పటికప్పుడే ప్రొఫెసర్ గారితో చెప్పెయ్యొచ్చు కదా అంటారు. చెప్పొచ్చు. చెప్పడానికి రెండడుగులు వేశాను కూడా. కానీ ఆ శుక్రవారమే నా కొలువు పొడిగించాలా వద్దా అని తేల్చే మీటింగు. ఏటేటా తేలుస్తారు. పొడిగిస్తే నా పరిశోధన ఫీజు మాఫీ, యూనివర్సిటీ వెనక ఒంటి గది ఇల్లు, ఆ ఇంట్లో నేనూ మా ఆవిడా. పొడిగించకపోతే మూడూ పోతాయి. ఎనిమిదో ఏడు నడుస్తున్నా థీసిస్ పూర్తికాని నాలాంటివాణ్ణి తీసెయ్యడానికి వాళ్ళకు ఒక్క సాకు చాలు. మా మామగారు కనపడ్డప్పుడల్లా, "ఆ పరీక్ష రాయడం అయిందా నాయనా?" అని అడుగుతారు. రాయవలసింది పరీక్ష కాదని చెప్పి చెప్పి ఊరుకున్నాను. మొదటి సంవత్సరం పాఠమే తప్పు చెప్పి ఉద్యోగం ఊడగొట్టుకున్నానని ఆయనకు ఏ మొహంతో చెప్పను?

అదీగాక నేను ఒక లెక్క వేసుకున్నాను. మాకు అదే కదా నేర్పేది, ఏ పని చేసినా లాభమెంత, నష్టమెంత అని. ఆధారం లేని కేసు, నాలుగు చీవాట్లు వేసి వదిలేస్తారు. వాళ్ళకు పోయేది గోరంత, నాకు పోయేది కొండంత. ఇలా చెప్పుకుని ఇంటికి వెళ్ళాను. మా ఆవిడ చూసి, "ఏమిటలా ఉన్నారు?" అంది. "ప్రింటర్ చెడిపోయింది," అన్నాను.

వాళ్ళకు పోయేది గోరంత కాదని నాకు తెలుసు. అదే నా లెక్కలోని దగా. లాండ్రీ అక్కకు కుడి భుజం పనికిరాకుండా పోతోంది. తడి దుప్పట్ల బండి తోసి తోసి, మెషిన్లోంచి బరువులు లాగి లాగి, లోపలేదో నరం దెబ్బతిందట. బరువు ఎత్తడం మానకపోతే చెయ్యి లేవదని డాక్టరు చెప్పాడు. లాండ్రీలో బరువెత్తని కుర్చీ ఒక్కటే ఉంది, సూపర్‌వైజరుది. ఆ కుర్చీలో ఉన్న ముసలాయన ఈ ఏడు రిటైరవుతున్నాడు. డిగ్రీ మొదటి సంవత్సరం పాసై ఉంటే ఆ కుర్చీ అక్కకే ఇస్తామన్నారు. సబ్జెక్టులన్నీ పాసైంది, మైక్రో ఒక్కటే మిగిలింది. రెండుసార్లు తప్పింది, ఇది మూడోసారి, ఆఖరిసారి. ఈ విషయం నాకు ఎవరో చెప్పలేదు. క్లాసులో ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటూ ఆవిడే చెప్పింది, నవ్వుతూ.

మంగళవారం సాయంత్రం క్లాసుకు అరగంట ముందు ఆవిడ నా గదికి వచ్చింది. గది అంటే గదేమీ కాదు, మెట్ల కింద బల్ల. చేతిలో నోటీసు, చంకలో నోట్సు పుస్తకం. నోటీసు నాకు చూపించింది గానీ దాని గురించి ఏమీ అడగలేదు.

"సార్, కాపీ కొట్టామంటున్నారు. కొట్టలేదు. ఆ మాట అక్కడే చెప్పుకుంటాం. మీరు నాకు ఒక్కటి చెప్పండి, లెక్కలో మేం ఎక్కడ తప్పాం?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను బల్ల మీద కాగితాలు అటూ ఇటూ సర్దాను. తర్వాత ఆవిడ పుస్తకం తీసుకుని చూశాను. ఎడమ చేతి రాత, పెన్సిలుతో. లాండ్రీలో బట్టల లెక్క పలక మీద రోజూ చెరిపి రాసే అలవాటు కాబట్టి నోట్సంతా పెన్సిలే. నా బొమ్మ ఉంది, పక్కనే నా అంగడివాడు ఉన్నాడు. తేదీతో సహా.

పాఠం మళ్ళీ చెప్పాను. ఈసారి సరిగ్గా చెప్పాను. నిదానంగా, ఉప్పుతో మొదలుపెట్టి, తప్పించుకోలేనివాడి మీదే బరువు ఎక్కువ పడుతుందని చెప్పాను. నా ఎనిమిదేళ్ళలో అంత బాగా ఎప్పుడూ చెప్పి ఉండను.

ఆవిడ తలూపుతూ వింది. "ఇది నాకు తెలుసు సార్. ఉప్పు ధర పెరిగితే అంగడివాడు ఏడుస్తాడా, మేం ఏడుస్తామా? ఆ రోజే ఇదేదో తేడాగా ఉందనుకున్నాను." పుస్తకంలో వేలు పెట్టి చూపించింది. "మరి ఆ అంగడివాడు, ఎత్తు... అది మీరు ఇంకేదో పాఠానికి చెప్పి ఉంటారు. నేనే దీనికి తగిలించుకున్నాను. ఆ రోజు పొద్దున నాలుగింటి డ్యూటీ, కూర్చున్నచోటే కునుకు పడుతోంది."

ఇక్కడ నేను చెప్పవలసిన మాట ఒక్కటే ఉంది. కాదక్కా, నేనే చెప్పాను. మూడు మాటలు, రెండు క్షణాలు.

"అయ్యుండొచ్చు," అన్నాను.

"అంతే అయ్యుంటుంది. నా మూలాన ఆ నలుగురికీ తగులుకుంది చూడండి, ఖర్మ," అని ఆవిడ తల కొట్టుకుంది. "ఇది ఇలాగే ఉంటే రేపు మళ్ళీ ఇదే వల్లిస్తారు. రబ్బరుందా సార్?"

డ్రాయరు తెరిచి రబ్బరు ఇచ్చాను. ఆవిడ ఆ బొమ్మలో పేర్లు చెరిపింది. అంగడివాడిని చెరిపింది. కాగితం చిరగకుండా, మరక తీసే మనిషి ఎంత ఓపిగ్గా తీస్తుందో అంత ఓపిగ్గా. చెరిపిన చోట నేను చెప్పింది రాసుకుంది. రబ్బరు పొట్టు చేత్తో తుడిచి, "ఇప్పుడు సరిపోయిందా సార్?" అని పుస్తకం నా వైపు తిప్పింది.

సరిపోయింది. అంతా కరెక్టు. ఆవిడ చెరుపుతున్నంతసేపూ నాకు ఊరట కలిగింది. ఈ వాక్యం రాయడానికి సిగ్గేస్తోంది, కానీ కలిగింది నిజం. ఆ పేజీ ఆవిడను కాపాడగలదన్న ఆలోచన నాకు ఆ పూట రాలేదు. అది నన్ను ముంచగలదన్న ఆలోచన మాత్రం వచ్చింది.

గురువారం విచారణ. పొడుగాటి బల్లకు అటు ప్రొఫెసర్ గారు, కొలబద్ద, మాటలు రాసుకోవడానికి ఆఫీసు గుమాస్తా. సెక్షన్ ట్యూటర్ని కాబట్టి నన్నూ ఓ చివర కూర్చోబెట్టారు. ఇటు ఐదు కుర్చీలు. ఐదుగురూ డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టున్నారు, గదంతా సబ్బు నీళ్ళ వాసన.

నలుగురిలో చిన్నపిల్ల ముందు మాట్లాడింది. "మేం ఒకళ్ళ పేపర్లోకి ఒకళ్ళం చూడలేదండీ. అక్క చెప్పింది వల్లించాం, వల్లించింది రాశాం. కావాలంటే ఇప్పుడు అడగండి, ఐదుగురం ఒక్కలాగే అప్పజెప్తాం."

ప్రొఫెసర్ గారికి నవ్వొచ్చింది. ఆయన చెడ్డమనిషి కాదు. ఈ కథలో చెడ్డవాళ్ళు ఉండి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. "సరే, అక్క ఎక్కడి నుంచి చెప్పింది?" అన్నారు.

"నా నోట్సు నుంచండీ. తప్పు నాదే, నేనే తప్పు రాసుకున్నాను," అంది అక్క.

"ఇంకేం మరి! ఆ నోట్సులో ఈ మాట ఉంటే మీరు చదివి రాసినట్టే. ఒక ప్రశ్నకు మార్కులు పోతాయి, మిగతాది పాస్. కేసే లేదు. ఏదమ్మా, చూపించు."

అక్క మొహం విప్పారింది. గబగబా పుస్తకం తీసి, పేజీ తిప్పి, బల్ల మీద పెట్టి ముందుకు తోసింది. తోశాక గానీ ఆవిడకు గుర్తు రాలేదు. చెయ్యి పుస్తకం మీదే ఉండిపోయింది. కొలబద్ద ఆ చేతి కింద నుంచి పుస్తకం మెల్లగా లాక్కుంది.

"ఇందులో సరిగ్గానే ఉందే," అంది. పేజీ ప్రొఫెసర్ గారి వైపు తిప్పింది. "పై ముక్క కొనేవాడిది, కింది ముక్క అమ్మేవాడిది. శుభ్రంగా ఉంది. అంగడివాడూ లేడు, ఎత్తూ లేదు."

"అది... మొన్న చెరిపి రాశానండీ. తప్పని తెలిసి దిద్దుకున్నాను."

"నోటీసు వచ్చాకా?"

"అవునండీ."

"నోటీసు వచ్చాక నోట్సు దిద్దుకున్నారు," అని కొలబద్ద గుమాస్తా రాసుకునేలా నిదానంగా చెప్పింది. అక్క నా వైపు చూసింది. ఆ చూపులో అనుమానం లేదు, భరోసా ఉంది. అదే నన్ను లేపింది.

"సార్ దగ్గరే దిద్దుకున్నానండీ. అడగండి," అంది.

నేను లేచి నిలబడ్డాను. "నా దగ్గరే దిద్దుకున్నారు. అసలు తప్పు వాళ్ళది కాదు. వాన పడ్డ రోజు క్లాసులో నేనే తారుమారు చెప్పాను. ఆ అంగడివాడి మాట నాదే."

చెప్పేశాను, అయిపోయింది, ఇక ఏమైతే అదవుతుంది అనుకున్నాను. ప్రొఫెసర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కొలబద్ద మాత్రం నా వైపు తిరిగి నెమ్మదిగానే అడిగింది.

"మొన్న నేను ఈ మాట చదివినప్పుడు మీరు ప్రింటర్ దగ్గరే ఉన్నారు కదా. మీ మాటే అయితే అప్పుడే అనాలి కదా, ఇది నాదని. ఎందుకనలేదు?"

ఏమని చెప్పను? భయపడ్డానని చెప్పాలి. నోరు తెరిచాను, అది రాలేదు.

"కూర్చోండి," అన్నారు ప్రొఫెసర్ గారు మెత్తగా. "మీ విద్యార్థులంటే మీకు అభిమానం, తెలుసు. జాలి మంచిదే. కానీ ఎనిమిదేళ్ళు చదివినవారు పై ముక్కకూ కింది ముక్కకూ తేడా తెలీకుండా చెప్పారంటే నేను నమ్మాలా? రేపు మీ ఫైలు నా ముందుకే వస్తుంది. ఆలోచించి మాట్లాడండి."

"నిజమే సార్. నేనే చెప్పాను," అన్నాను మళ్ళీ. నా చెవికే ఆ గొంతు మొదటిసారి కంటే చిన్నగా వినిపించింది.

గుమాస్తా పెన్ను ఎత్తి, "ఇది రాసుకోమంటారా అండీ?" అని అడిగాడు. ప్రొఫెసర్ గారు జవాబు చెప్పకుండా నా వైపు చూశారు. ఆయన నాకు తలుపు తీసి పట్టుకున్నారు. రాసుకోండి అంటే చాలు. రెండుసార్లు చెప్పిన మాటే, మూడోసారి. కాగితం మీదకు ఎక్కే మాట మాత్రం అదే మొదటిది.

నేను కూర్చున్నాను.

"వద్దులే," అన్నారు ప్రొఫెసర్ గారు.

ఐదుగురికీ ఆ పరీక్షలో సున్నా. నలుగురికి ఇంకా అవకాశాలున్నాయి, వచ్చే టర్ములో మళ్ళీ రాసుకోవచ్చు. మూడుసార్లూ అయిపోయిన అక్క మాత్రం సబ్జెక్టుకు కొత్తగా పేరు నమోదు చేసుకుని మొదటి నుంచి చదవాలి. అంటే ఈ ఏడు పాసయ్యే దారి లేదు. చిన్నపిల్ల ఏడ్చింది. అక్క దాని వీపు నిమురుతూ, ఎడమ చేత్తో సంతకం పెట్టింది.

బయట వరండాలో ఆవిడ నా కోసం ఆగింది. నలుగురినీ ముందు నడవమని పంపేసింది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"లోపల మీరన్నది నిజమేనా సార్? మమ్మల్ని కాయడానికి అన్నారా?"

"నిజమేనక్కా. నేనే తప్పు చెప్పాను."

"మీకు ఎప్పుడు తెలిసింది?"

ఇంకో అబద్ధం ఆడటానికి కూడా ఓపిక లేదు. "పేపర్లు దిద్దిన రోజే. సోమవారం."

ఆవిడ వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టినట్టు పెదవులు కదిపింది. ఉన్నది ఒక్క రోజే, ఎంతసేపు లెక్కపెడుతుంది? "సోమవారం. నేను మీ దగ్గరకు వచ్చింది మంగళవారం," అంది.

"అవును."

"నేనే తప్పు రాసుకున్నానని తల కొట్టుకుంటుంటే, మీరు డ్రాయరు తెరిచి రబ్బరు తీసిచ్చారు."

కేకలు వేస్తుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. తిట్టలేదు. నన్ను కొత్తగా చూస్తున్నట్టు కాసేపు చూసింది, రంగు పోయిందని తెలిశాక బట్టను వెలుతురులో పెట్టి చూసినట్టు. తర్వాత గోడ గడియారం వైపు చూసి, "మధ్యాహ్నం లోడు దింపాలి, నేను పోవాలి," అని వెళ్ళిపోయింది.

శుక్రవారం నా కొలువు పొడిగించారు. మీటింగులో ప్రొఫెసర్ గారు నా గురించి మంచి మాట చెప్పారట, విద్యార్థుల కోసం తప్పు తన మీద వేసుకోవడానికి కూడా వెనకాడని మనిషి అని. ఆ మాట మా ఆవిడకు ఎవరో చేరవేశారు. ఆవిడ మురిసిపోయింది. మా మామగారు ఫోన్ చేసి, "అదీ గురువంటే," అన్నారు. ఆ రాత్రి మా ఆవిడకు అంతా చెప్పాను. అంతా విని, "ఇప్పుడు వెళ్ళి రాసివ్వండి," అంది. రాశాను, సంతకం పెట్టి ప్రొఫెసర్ గారి బల్ల మీద పెట్టాను. నాలుగు రోజుల తర్వాత అది నా పెట్టెలో తిరిగొచ్చింది. పైన ఆయన రాత, కేసు ముగిసింది అని. ఇంకా పైకి తీసుకెళ్ళొచ్చు. డీన్ ఉన్నారు, రిజిస్ట్రార్ ఉన్నారు. నేను తీసుకెళ్ళలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాణ్ణి చూసి నవ్వుతాం గానీ, ఆకులు చేతికందినా పట్టుకోనివాణ్ణి ఏమనాలో తెలియదు.

సూపర్‌వైజరు కుర్చీ పక్క బ్లాకు నుంచి వచ్చిన ఒక కుర్రాడికి ఇచ్చారు. ఈ సంగతి నాకు చిన్నపిల్ల చెప్పింది, నా మొహం చూడకుండా.

కొత్త టర్ము మొదటి సాయంత్రం గది నిండా కొత్త మొహాలు. ముందు వరుసలో, కిటికీ పక్కన, లాండ్రీ అక్క. కుడి చెయ్యి మెడలోంచి వేలాడే గుడ్డ పట్టీలో ఉంది. సాయంత్రం సెక్షన్ ఒక్కటే, దానికి ట్యూటర్ని నేనొక్కణ్ణే. ఆవిడకు వేరే దారి లేదు. పలకరిస్తే తలూపింది, అంతే.

నేను బోర్డు మీద మొదటి బొమ్మ గీశాను. నిలువు గీత ధర, అడ్డం గీత పరిమాణం, మధ్యలో కిందికి వాలే గీత. అందరూ తలలు వంచి గబగబా రాసుకోవడం మొదలుపెట్టారు. ఆవిడ రాయలేదు. పెన్సిలు బల్ల మీదే ఉంది, పుస్తకం తెల్లగా ఉంది.

"రాసుకోండక్కా," అన్నాను.

"మీరు ఒకసారి సరిచూసుకోండి సార్," అంది, మామూలు గొంతుతోనే, అందరికీ వినపడేలా. "సరిగ్గా ఉందంటే అప్పుడు రాసుకుంటాను."

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆగారు. పక్కనున్న కుర్రాడు రాస్తున్న పెన్ను ఎత్తాడు. అతన్ని చూసి ఇంకొకరు ఎత్తారు. ఒక్కొక్కరే అందరూ రాయడం ఆపేసి నా వైపు చూశారు. నేను గీసింది సరైనదేనని నాకు తెలుసు. ఆ బొమ్మ నిద్రలో లేపినా గీయగలను. అయినా తెలుసునని ఆవిడ మొహం చూస్తూ చెప్పలేకపోయాను. బోర్డు వైపు తిరిగి, మొదటి గీత దగ్గర నుంచి మళ్ళీ చూడటం మొదలుపెట్టాను.